వెయ్యి కోట్ల స్ట్రైకర్‌కి బంతి అందించేదెవరు?

మన టైము ప్రకారం 2025 సెప్టెంబరు 1 రాత్రి పదకొండున్నరకి ఇంగ్లండ్‌లో ఆటగాళ్ల కొనుగోళ్ల గడువు ముగిసింది. ఆ రోజే లివర్‌పూల్ క్లబ్ న్యూకాసిల్ నుంచి స్ట్రైకర్ (ముందు వరసలో ఉండి గోల్స్ కొట్టేవాడు) అలెగ్జాండర్ ఇసాక్‌ని 12.5 కోట్ల పౌండ్లకు తీసుకుంది. రూపాయల్లో దాదాపు 1,480 కోట్లు. అంతకు ముందు బ్రిటన్‌లో ఏ క్లబ్బూ ఒక్క ఆటగాడి మీద ఇంత పెట్టలేదు. అదే విండోలో (కొనుగోళ్లకి తెరిచి ఉంచే కాలంలో) లివర్‌పూల్ ఫ్లోరియన్ విర్ట్స్‌ కోసం 10 కోట్ల పౌండ్లు, మరో స్ట్రైకర్ హ్యూగో ఎకిటికే కోసం 6.9 కోట్ల పౌండ్లు ఇచ్చింది. ఈ ఇద్దరి ఒప్పందాల్లో షరతుల మీద తర్వాత ఇవ్వాల్సింది వేరే ఉంది. ఇంగ్లండ్‌లో అన్నిటికంటే పైనున్న ప్రీమియర్ లీగ్ క్లబ్బులన్నీ కలిపి ఆ వేసవిలో 300 కోట్ల పౌండ్లు దాటించాయి.

వారాంతాల్లో గచ్చిబౌలి, మాదాపూర్ కెఫేల్లో స్క్రీన్ ముందు చేరేవాళ్లూ, టోలిచౌకి టర్ఫ్‌ల మీద రాత్రి పూట ఆడుకునే కుర్రాళ్లూ అప్పుడు వేసుకున్న లెక్క సూటిగానే ఉంది. అంతకు ముందు సీజన్‌లో లీగ్ గెలిచిన జట్టు. న్యూకాసిల్‌కి లీగ్‌లో 23 గోల్స్ కొట్టిన మనిషి దానికి తోడయ్యాడు. ఇక అడ్డేముంది? తీరా సీజన్ మొదలయ్యాక సెప్టెంబరు చివరి నుంచి నవంబరు దాకా ఏడు లీగ్ మ్యాచ్‌లాడితే లివర్‌పూల్ ఆరు ఓడింది. ఇసాక్ లీగ్‌లో కొత్త క్లబ్‌కి మొదటి గోల్ కొట్టేసరికి నవంబరు 30 వచ్చింది.

దీనికి "డబ్బు దండగ" అనో "ఆటగాడు తుస్సుమన్నాడు" అనో ఒక్క ముక్కలో తీర్పు ఇచ్చేస్తే ఆటలో అసలు సంగతి కనపడదు. స్ట్రైకర్‌కి కట్టే ధర అతను అప్పటిదాకా కొట్టిన గోల్స్‌ని బట్టి వస్తుంది. ఆ గోల్స్ వెనక ఒక ఏర్పాటు ఉంటుంది. ఏ వింగర్ (మైదానం పక్కల్లో ఆడేవాడు) ఎక్కడి నుంచి బంతి వేశాడు, జట్టు ఎంత వెనక నిలబడి ఆడింది, ఎదుటి డిఫెండర్ల వెనక ఎంత ఖాళీ దొరికింది అన్నవన్నీ కలిస్తేనే ఆ గోల్స్ వచ్చాయి. కొనే క్లబ్‌కి వచ్చేది మనిషి మాత్రమే. ఆ ఏర్పాటు పాత క్లబ్‌లోనే ఉండిపోతుంది. కొత్త చోట దాన్ని మళ్లీ కట్టుకోవాలి, అది కట్టాలంటే అప్పటికే జట్టులో ఉన్న నలుగురైదుగురు తమ పద్ధతి మార్చుకోవాలి. ట్రాన్స్‌ఫర్ ఫీజులో కనిపించని ఖర్చు ఇదే.

ముందు డబ్బు సంగతి కొంచెం చూడాలి. ఐపీఎల్ వేలం చూసి అలవాటైన మనకి ఇక్కడ ఒక తేడా చప్పున తట్టదు. 2024 నవంబరులో లక్నో జట్టు రిషభ్ పంత్‌ని 27 కోట్లకు తీసుకుంది. ఆ 27 కోట్లు అతనికిచ్చే సీజన్ పారితోషికం. ఫుట్‌బాల్‌లో ట్రాన్స్‌ఫర్ ఫీజు ఆటగాడి జీతం కాదు, అతని పాత క్లబ్‌కి ముట్టేది. జీతం వేరు, ఏజెంట్ వాటా వేరు. అంటే 12.5 కోట్ల పౌండ్లన్నది మొదటి బిల్లు మాత్రమే.

ఆ మొత్తాన్ని క్లబ్ తన లెక్కల పుస్తకంలో ఒకే ఏడాది రాయదు. ఒప్పంద కాలం మీద సమానంగా పంచి రాస్తుంది. చెల్సీ ఏడెనిమిదేళ్ల ఒప్పందాలు రాసి ఏటా పడే భారాన్ని తగ్గించుకోవడం మొదలుపెట్టాక, 2023లో ముందు యూరోపియన్ ఫుట్‌బాల్ సంఘం, తర్వాత ప్రీమియర్ లీగ్ ఈ పంపకానికి ఐదేళ్ల హద్దు పెట్టాయి. ఇసాక్‌ది ఆరేళ్ల ఒప్పందమైనా ఫీజుని ఐదేళ్లకే పంచాలి, ఏడాదికి 2.5 కోట్ల పౌండ్లు. మూడేళ్లలో 10.5 కోట్ల పౌండ్లకు మించి నష్టం చూపిస్తే పాయింట్లు కోస్తామని లీగ్ నిబంధన పెట్టింది. 2023-24లో ఎవర్టన్‌కి, నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌కి నిజంగానే కోసింది.

ఇది అకౌంటెంట్ల గొడవే అనిపిస్తుంది గానీ మైదానంలో ఎవరు ఆడాలన్నదాన్ని కూడా ఇదే నడిపిస్తుంది. రెండేళ్లు గడిచాక పుస్తకంలో అలాంటి ఆటగాడి విలువ ఇంకా 7.5 కోట్లు ఉంటుంది. అంతకంటే తక్కువకి అమ్మితే ఆ తేడా మొత్తం ఆ ఏడాది నష్టమే. బెంచి మీద కూర్చోబెడితే బజార్లో ధర పడిపోతుంది. అందుకే ఆట కుదరకపోయినా ఖరీదైన స్ట్రైకర్‌ని ఆడిస్తూనే ఉంటారు. అతని కోసం బాగా ఆడుతున్న ఇంకొకడు పక్కకి జరుగుతాడు. కోచ్ నోరు తెరిచి చెప్పడు కానీ, టీమ్ షీట్ రాసేటప్పుడు ధర కూడా పక్కన కూర్చుంటుంది.

ఇక ఆట. ఏర్పాటు మారితే అదే మనిషి ఎలా మారిపోతాడో చూపించడానికి రొమేలు లుకాకుని మించిన ఉదాహరణ ఈ కాలంలో లేదు. 2020-21లో కోచ్ ఆంటోనియో కోంటే దగ్గర ఇటలీ క్లబ్ ఇంటర్ మిలాన్‌కి ఆడినప్పుడు అతను లీగ్‌లో 24 గోల్స్ కొట్టాడు, జట్టు టైటిల్ గెలిచింది. పక్కన లౌటారో మార్టినెజ్ రెండో స్ట్రైకర్‌గా ఉండేవాడు. జట్టు కొంచెం వెనక్కి తగ్గి ఎదుటివాళ్లని పైకి రానిచ్చేది. ఆ తర్వాత వాళ్ల వెనకున్న ఖాళీలోకి లుకాకు పరిగెత్తేవాడు. 2021లో చెల్సీ అతన్ని 9.75 కోట్ల పౌండ్లకు కొంది. చెల్సీ అప్పుడు యూరప్ ఛాంపియన్. కొన్ని నెలల ముందే కై హవర్ట్స్‌ని ముందు పెట్టి, అసలు సిసలు స్ట్రైకర్ లేకుండా ఛాంపియన్స్ లీగ్ గెలిచింది. బంతిని ఎక్కువసేపు తన దగ్గరే ఉంచుకుని, అది పోయిన మరుక్షణం ముందు వరసంతా కలిసి మీదపడే జట్టు. ఎదుటివాళ్లు గోల్ ముందు గుంపుగా నిలబడతారు, వెనక ఖాళీ ఉండదు. లుకాకు ఒక్కడే ముగ్గురు డిఫెండర్ల మధ్య ఇరుక్కున్నాడు. 2022 ఫిబ్రవరిలో క్రిస్టల్ ప్యాలెస్ మీద 90 నిమిషాలూ ఆడి అతను బంతిని తాకింది ఏడు సార్లు. అందులో ఒకటి సెంటర్ నుంచి ఆట మొదలుపెట్టిన టచ్. ఆ సీజన్‌లో లీగ్‌లో ఎనిమిది గోల్స్ దగ్గరే ఆగిపోయాడు.

ఆ ఏడు టచ్‌ల గురించి అప్పట్లో చాలా వెక్కిరింత నడిచింది. అందులో అన్యాయం ఉంది. బంతి రాని చోట మనిషిని నిలబెట్టి "నువ్వు తాకలేదేం?" అని అడగడం ఏం పద్ధతి? 2024లో అదే లుకాకుని అదే కోంటే నాపోలికి పిలిపించుకున్నాడు, పాత ధరలో మూడో వంతు కూడా పెట్టలేదు. అప్పటికి లుకాకు ముప్పై దాటాడు, వేగం తగ్గింది. అయినా లీగ్‌లో 14 గోల్స్ కొట్టాడు, నాపోలి 2024-25 టైటిల్ గెలిచింది. తనకి ఎలా బంతి అందించాలో తెలిసిన కోచ్ దొరకడమే తేడా.

ఫెర్నాండో టోరెస్ కథ ఇంకా పాతది, ఇంకా బాధాకరమైనది. లివర్‌పూల్‌లో 142 మ్యాచ్‌లకు 81 గోల్స్. 2011 జనవరి ఆఖరి రోజు చెల్సీ 5 కోట్ల పౌండ్లు పెట్టింది, అప్పటికి అదే బ్రిటిష్ రికార్డు. మోకాలి ఆపరేషన్ తర్వాత అతని వేగం తగ్గిందన్నది నిజమే. కానీ లివర్‌పూల్‌లో స్టీవెన్ జెరార్డ్ తల ఎత్తగానే టోరెస్ పరుగు మొదలయ్యేది, బంతి అతని దారిలోకి వచ్చి పడేది. చెల్సీలో అప్పటికే స్ట్రైకర్ డ్రోగ్బా ఉన్నాడు, జట్టంతా బలంగా నిలబడి బంతి ఆపే ఆ మనిషి చుట్టూ అల్లుకుని ఉంది. టోరెస్‌కి బంతి కాళ్ల దగ్గరికి వచ్చేది, వెనక ఖాళీలోకి కాదు. 172 మ్యాచ్‌లాడి 45 గోల్స్‌తో వెళ్లిపోయాడు. అయితే 2012 ఛాంపియన్స్ లీగ్ సెమీఫైనల్‌లో బార్సిలోనా జట్టంతా చెల్సీ గోల్ ముందుకి వచ్చేసిన ఆఖరి నిమిషాల్లో సగం మైదానం ఖాళీగా దొరికింది. బంతి అందుకుని ఒంటరిగా పరిగెత్తి, గోల్‌కీపర్‌ని తప్పించి గోల్ కొట్టాడు. పాత టోరెస్ ఆ కొన్ని సెకన్లు మళ్లీ కనిపించాడు, ఎందుకంటే పాత ఖాళీ మళ్లీ కనిపించింది.

టోరెస్‌ని అమ్మిన రోజే లివర్‌పూల్ ఇద్దరిని కొంది. ఆండీ కారోల్‌కి 3.5 కోట్ల పౌండ్లు, లూయిస్ సువారెజ్‌కి 2.28 కోట్లు. ఎక్కువ ధర పలికినవాడు లీగ్‌లో ఆరు గోల్సే కొట్టగలిగాడు. తక్కువ ధరవాడు 2013-14లో ఒక్క సీజన్‌లోనే 31 కొట్టాడు. 2025 డిసెంబరులో మెస్సీతో పాటు ఉప్పల్ స్టేడియంకి వచ్చి జనాన్ని ఉర్రూతలూగించిన సువారెజ్ ఇతనే. కారోల్ చెడ్డ ఆటగాడేమీ కాదు. తలతో గోల్ కొట్టేవాడికి ప్రతి దాడిలో పక్కల నుంచి క్రాస్‌లు పడాలి, అప్పటి లివర్‌పూల్ ఆట ఆ దారిన నడవలేదు. సువారెజ్ మాత్రం చెడిపోయిన పాస్ నుంచి కూడా ఏదో ఒకటి పుట్టించగలడు. అలాంటివాళ్లు దేనిలోనైనా ఇమిడిపోతారు, వాళ్ల సంఖ్య వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఇమడ్చడం అంటే ఏమిటో నిజంగా అర్థం చేసుకోవాలంటే మాంచెస్టర్ సిటీ క్లబ్, దాని స్ట్రైకర్ హాలండ్‌ల దగ్గర కాసేపు ఆగాలి. 2021లో స్ట్రైకర్ అగ్వేరో వెళ్లిపోయాక సిటీ స్ట్రైకర్ లేకుండానే 2021-22 లీగ్ గెలిచింది, 99 గోల్స్ కొట్టింది. 2022లో ఎర్లింగ్ హాలండ్ వచ్చాడు. ఒప్పందంలో ముందే రాసి ఉన్న ధరకి, 5.12 కోట్ల పౌండ్లకు. మొదటి సీజన్‌లోనే లీగ్‌లో 36 గోల్స్, అది రికార్డు. మరి జట్టు మొత్తం గోల్స్ ఎన్ని? 94. ముందటి ఏడాది కంటే ఐదు తక్కువ. ఆ 36 వచ్చి 99 మీద కలవలేదు. ఇంతకు ముందు నలుగురైదుగురు పంచుకున్న గోల్స్ చాలావరకు ఒకే పేరు మీదికి మారాయి. కొత్త స్ట్రైకర్ పాత సీజన్ గోల్స్‌ని మన జట్టు పాత గోల్స్‌కి కూడేసే అలవాటు ఎంత తప్పో ఈ ఒక్క లెక్క చెబుతుంది.

అయినా ఆ కొనుగోలు గొప్ప విజయం, ఎందుకంటే ఆ ఏడాదే సిటీ మూడు పెద్ద టైటిళ్లూ గెలిచింది. అదెలా? స్ట్రైకర్ లేని సిటీలో ముందు ఆడేవాడు మాటిమాటికీ మిడ్‌ఫీల్డ్‌లోకి దిగి వచ్చి బంతి పంచుకునేవాడు. దాంతో నడిమధ్యలో ఎప్పుడూ ఒక మనిషి ఎక్కువగా ఉండేవాడు. హాలండ్ అలా దిగి రాడు, అతని బలం గోల్ ముందుండే పెనాల్టీ బాక్స్‌లో ఉంది. దాంతో మధ్యలో ఒక మనిషి తగ్గాడు. సీజన్ మొదటి సగంలో సిటీ ఆట అక్కడక్కడా తడబడింది. ఆ లోటుని కోచ్ గార్డియోలా వెనక నుంచి పూడ్చాడు. డిఫెండర్ జాన్ స్టోన్స్‌ని బంతి తమ దగ్గరున్నప్పుడల్లా మిడ్‌ఫీల్డ్‌లోకి పంపించాడు. ముందు నుంచి పోయిన మనిషి వెనక నుంచి తిరిగొచ్చాడు. పక్క డిఫెండర్‌గా మెరుస్తున్న కాన్సెలో జనవరిలో బయటికి వెళ్లాడు, స్వభావరీత్యా సెంటర్ డిఫెండర్లైనవాళ్లే వెనక వరసంతా నిండారు. ఒక స్ట్రైకర్‌ని ఇమడ్చడానికి మార్పు డిఫెన్స్‌లో జరిగిందన్నమాట. ఛాంపియన్స్ లీగ్ సెమీఫైనల్ రెండు మ్యాచ్‌ల్లో గానీ ఫైనల్లో గానీ హాలండ్ ఒక్క గోల్ కొట్టలేదు. ఇద్దరు డిఫెండర్లు అతన్నే కనిపెట్టుకుని ఉంటే, మిగిలినవాళ్లకి చోటు దొరికింది.

దీనికి తలకిందులు ప్యారిస్‌లో జరిగింది. 2023-24లో 44 గోల్స్ కొట్టిన ఎంబాపే ప్యారిస్ క్లబ్ పీఎస్‌జీని వదిలి రియల్ మాడ్రిడ్‌కి వెళ్లాడు. పీఎస్‌జీ అతని స్థానంలో అలాంటి స్ట్రైకర్‌ని తేలేదు. వింగర్‌గా ఆడే డెంబెలేని మధ్యలోకి జరిపింది, పది మందీ కలిసి మీదపడి బంతి లాక్కోవడం అలవాటు చేసుకుంది. 2025 మే 31న ఇంటర్ మీద 5-0తో ఛాంపియన్స్ లీగ్ గెలిచింది. అది చవకైన జట్టేమీ కాదు, క్వారత్స్‌ఖేలియా లాంటివాళ్ల మీద బాగానే ఖర్చు పెట్టింది. కాకపోతే ఆ డబ్బు బంతిని ముందుకు తెచ్చేవాళ్ల మీద పెట్టింది. అటు ఎంబాపే మాడ్రిడ్‌లో లీగ్‌లోనే 31 గోల్స్ కొట్టాడు, వ్యక్తిగతంగా అద్భుతమైన సీజన్. జట్టు మాత్రం స్పెయిన్ లీగ్ పోగొట్టుకుంది, కప్ పోగొట్టుకుంది, యూరప్‌లో క్వార్టర్స్‌లోనే ఆగిపోయింది. ఎంబాపే, వినీసియస్ ఇద్దరికీ ఎడమ పక్క చోటే కావాలి. బంతిని కొలిచినట్టు వేసే టోనీ క్రూస్ ఆ వేసవిలోనే రిటైరయ్యాడు. గోల్స్ కొట్టేవాడు వచ్చిన సమయానికి, బంతి తెచ్చేవాడు వెళ్లిపోయాడు.

ఇప్పుడు ఇసాక్‌ దగ్గరికి తిరిగి రావచ్చు. అతని విషయంలో లివర్‌పూల్ మార్చింది ఒక స్ట్రైకర్‌ని కాదు, ముందు వరసని దాదాపు మొత్తం. లూయిస్ డియాజ్, నూనెజ్ వెళ్లిపోయారు. కుడి పక్క నుంచి వింగర్ సలాకి పొడవాటి బంతులు వేసే అలెగ్జాండర్-ఆర్నాల్డ్ కూడా వెళ్లిపోయాడు. జులైలో డియోగో జోటా కారు ప్రమాదంలో చనిపోయాడు. ఆ దుఃఖాన్ని మోస్తూ ఆడిన జట్టుని పాయింట్ల లెక్కతో మాత్రమే కొలవడం సరికాదు. ఇసాక్ బదిలీ గొడవలో సీజన్‌కి ముందు జట్టుతో ప్రాక్టీసే లేకుండా వచ్చాడు. కుదురుకుంటున్నాడనుకునేలోపు డిసెంబరు 20న టోటెన్‌హామ్ మీద గోల్ కొడుతూనే కాలు విరిగింది. విర్ట్స్ ఎక్కువగా తిరిగేది మధ్యలో ఉండే చోట్లలో, ఇసాక్ కూడా అక్కడికే దిగి వచ్చి బంతి తీసుకోవడం ఇష్టపడతాడు. ఎకిటికేదీ దగ్గరగా అదే స్వభావం. ముగ్గురూ మంచి ఆటగాళ్లే, ముగ్గురినీ ఒకే వేసవిలో కలపడమే కష్టమైన పని. ప్రతి కొత్త మనిషీ మిగతావాళ్ల పరుగులు నేర్చుకోవాలంటే, ఆ మిగతావాళ్లు కూడా కొత్తవాళ్లే అయినప్పుడు ఎవరిని చూసి నేర్చుకోవాలి?

ఈ మొత్తం వ్యవహారంలో హైదరాబాద్‌కి కూడా చెప్పుకోదగ్గ అనుభవం ఉంది. 2021లో హైదరాబాద్ ఎఫ్‌సీ తన పదునైన వింగర్ లిస్టన్ కొలాసోని కోల్‌కతా క్లబ్‌కి అమ్మేసింది. ముంబయి నుంచి వచ్చిన బార్తలోమ్యూ ఒగ్బెచేని ముందు వరసకి తీసుకుంది. 37 ఏళ్ల మనిషి, పరుగుతో డిఫెండర్‌ని దాటే వయసు కాదు. కోచ్ మనోలో మార్క్వెజ్ అతని నుంచి పరుగు అడగలేదు. రెండు పక్కలా ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్ లాంటి కుర్ర డిఫెండర్లు పైకీ కిందికీ పరిగెత్తేవారు, ఒగ్బెచే బాక్స్ దగ్గర చోటు చూసుకుని నిలబడేవాడు. ఆ సీజన్‌లో 18 గోల్స్‌తో గోల్డెన్ బూట్ (ఎక్కువ గోల్స్ కొట్టినవాడికిచ్చేది) అతనిదే. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్ మీద పెనాల్టీల్లో గెలిచి హైదరాబాద్ ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) ఛాంపియనయ్యింది. ఫైనల్లో స్కోరు సమం చేసిన గోల్ మాత్రం ఒగ్బెచేది కాదు, 88వ నిమిషంలో బెంచి నుంచి వచ్చిన సాహిల్ తవోరాది. ఆ తర్వాత డబ్బు ఇబ్బందులు వచ్చి జట్టు చెదిరిపోయింది. 2025లో క్లబ్బే ఢిల్లీకి తరలిపోయింది. గచ్చిబౌలి స్టేడియానికి మ్యాచ్ రాత్రుల సందడి మళ్లీ రావాలని కోరుకునేవాళ్లు ఈ నగరంలో తక్కువేమీ లేరు.

ఇంకా వెనక్కి వెళ్తే, స్ట్రైకర్‌ని కొనే మాటే లేని రోజుల్లో ఈ నగరం వాడే ఈ చిక్కుని పరిష్కరించాడు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుని 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదు రోవర్స్ కప్‌లు గెలిపించిన సయ్యద్ అబ్దుల్ రహీమ్, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో భారత జట్టు కోచ్. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకి దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. వెనక ఆడించలేని పరిస్థితిలో రహీమ్ అతన్ని సెంటర్ ఫార్వర్డ్‌గా దింపాడు. జర్నైల్ సెమీఫైనల్లో గోల్ కొట్టాడు, దక్షిణ కొరియాతో ఫైనల్లోనూ కొట్టాడు. 2-1తో భారత్‌కి స్వర్ణం. అది జూదం కాదు. పక్కల్లో పీకే బెనర్జీ, చునీ గోస్వామి, సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరామ్ లాంటివాళ్లు ఉన్నారని, బంతి తప్పకుండా వస్తుందని, మధ్యలో కావాల్సింది డిఫెండర్లని ఢీకొట్టే బలమేనని రహీమ్‌కి తెలుసు.

అలాంటి చూపు ఇప్పటి మన క్లబ్బుల్లో కనిపించదు. ఐఎస్‌ఎల్ మొదలైనప్పటి నుంచి దాదాపు ప్రతి జట్టూ స్ట్రైకర్ స్థానాన్ని విదేశీ ఆటగాడికే ఇచ్చింది. 2021-22 నుంచి మైదానంలో ఒకేసారి నలుగురు విదేశీయులే ఉండాలన్న నిబంధన వచ్చాక కూడా చాలా జట్లలో ఆ నలుగురిలో ఒకరు ముందు వరసలోనే ఆడుతూ వచ్చారు. క్లబ్ దృష్టిలో అది తెలివైన కొనుగోలే, ఒగ్బెచే ఇచ్చిన ఫలితమే సాక్ష్యం. కానీ ఆ చోటు నిండిపోవడంతో గోల్ కొట్టడం నేర్చుకోవాల్సిన మన కుర్రాళ్లు వింగ్ మీదికి జరిగారు. హైదరాబాద్‌లోని బార్కస్ మైదానంలో పదేళ్లకే రెండు కాళ్లతో షాట్ కొట్టే పిల్లాడు పెద్ద క్లబ్‌లో చేరితే, బాక్స్‌లో నిలబడే అవకాశం అతనికి ఎక్కడ దొరుకుతుంది? సునీల్ ఛెత్రి 2024 జూన్‌లో అంతర్జాతీయ ఆటకి వీడ్కోలు చెప్పాడు. అతని చోటులో ఆడేవాడు దొరకక 2025 మార్చిలో నలభై ఏళ్ల ఛెత్రినే జాతీయ జట్టు తిరిగి పిలిచింది, అతనే వచ్చి మాల్దీవుల మీద గోల్ కొట్టాడు. ఆ పిలుపు పంపిన కోచ్, ఒగ్బెచేతో హైదరాబాద్‌ని ఛాంపియన్‌ని చేసిన మనోలో మార్క్వెజే.